ఇవ్వని పరిహారం లెక్క

ధనవంతుడికి ఒక పౌండు పోయినా లెక్కలోకి రాదు. పేదవాడికి అదే దొరికితే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. కేంబ్రిడ్జి ఆచార్యుడు ఆర్థర్ పిగూ 1920లో ‘ది ఎకనామిక్స్ ఆఫ్ వెల్ఫేర్’లో సంక్షేమ అర్థశాస్త్రాన్ని నిలబెట్టింది దాదాపు ఈ మాట మీదే. జాతీయాదాయం తగ్గనంతవరకు పేదల వాటా పెరిగితే మొత్తం సంక్షేమం పెరుగుతుందన్నాడు. ఒకరి తృప్తిని మరొకరి తృప్తితో తూచేదెలాగని 1932లో ఆర్థికవేత్త లయొనెల్ రాబిన్స్ నిలదీశాడు. 1938లో ఆయన రాసిన వ్యాసంలో మన దేశపు కథ ఒకటుంది. అందరి సుఖాన్నీ సమానంగా లెక్కించే బెంథామ్ సిద్ధాంతాన్ని వివరించబోయిన ఒక అధికారితో ఓ బ్రాహ్మణుడు, అక్కడున్న అంటరానివాడికన్నా సుఖించే శక్తి తనకు పదిరెట్లు ఎక్కువ అన్నాడట. రాబిన్స్‌కు ఆ మాట నచ్చలేదు. కానీ మనుషులంతా సమానంగా సుఖిస్తారన్న తన నమ్మకానికీ శాస్త్రంలో రుజువు లేదని ఒప్పుకున్నాడు. నిజాయతీ గల వాదనే. అయితే ఆ తర్వాత అర్థశాస్త్రంలోంచి విలువలు పోలేదు, కంటికి కనబడకుండా దాక్కున్నాయి.

అవి దాక్కున్న చోటు 1939లో నికొలస్ కాల్డార్ రాసిన చిన్న వ్యాసం. బ్రిటన్ 1846లో రద్దు చేసిన ధాన్యం సుంకాలే ఆయన ఉదాహరణ. సుంకం పోతే రొట్టె చవకవుతుంది, భూస్వామి కౌలు రాబడి పడిపోతుంది. లాభపడినవాళ్లు ఆ నష్టాన్ని పూర్తిగా పూడ్చి కూడా ఇంకా కొంత మిగుల్చుకోగలిగితే రద్దు మంచిదే. ఆ పరిహారం నిజంగా ఇవ్వాలా వద్దా అన్నది రాజకీయ ప్రశ్న, ఆర్థికవేత్తకు పట్టదు. అదే ఏడాది జాన్ హిక్స్ దీన్ని బలపరిచాడు. అమెరికా వరద నియంత్రణ చట్టమైతే 1936లోనే, లాభాలు ఎవరికి చేరినా సరే, ఖర్చును మించితే చాలంది. కానీ ‘ఇవ్వగలిగితే చాలు’ అనడమంటే ఒకరి నష్టాన్ని మరొకరి లాభంతో పౌండుకు పౌండుగా చెల్లు వేయడమే. పేదవాడి పౌండుకు పిగూ ఇచ్చిన అదనపు బరువును తీసేయడం కూడా ఒక నైతిక తీర్పే. ఈ కొలమానాన్ని అన్నిటికీ ఏళ్ల తరబడి పాటిస్తే ఇవాళ నష్టపోయినవాడు రేపు బాగుపడతాడని హిక్స్ సమర్థించుకున్నాడు. నష్టాలు లాటరీలా ఎవరికి పడితే వారికి తగిలితే అది నిజమే. కానీ జలాశయంలో మునిగేవి ఎగువ లోయల్లోని ఊళ్లు, నీళ్లు పారేది దిగువ ఆయకట్టుకు.

విలువలను రానిస్తే అర్థశాస్త్రం ఎవరికి తోచింది వారు చెప్పుకునే వ్యవహారమైపోదా? ఈ భయం కొట్టిపారేయదగింది కాదు. విలువలను ముందే పైకి చెప్పి వాటి పర్యవసానాలను లెక్కించమన్న అబ్రామ్ బెర్గ్‌సన్ జవాబు 1938 నాటిదే. దాచిన విలువతో వాదించలేం, చెప్పిన విలువతో వాదించవచ్చు. వ్యక్తుల ఇష్టాల వరుసలను మాత్రమే తీసుకుంటే, కొన్ని మామూలు షరతులకు లోబడి వాటిని సమాజం మొత్తానికి ఒకే వరుసగా కూర్చే పద్ధతి లేదని 1951లో కెన్నెత్ యారో నిరూపించాడు. చిక్కంతా మనం కావాలని వదులుకున్న సమాచారంలో ఉందన్నాడు అమర్త్య సేన్. ఉదాహరణకు, పేదల తలలు లెక్కపెట్టి ఊరుకునే కొలతలో, పేదవాడు ఇంకా చితికిపోయినా అంకె కదలదు. 1976లో ఆయన ప్రతిపాదించిన సూచీ, దారిద్ర్య రేఖకు ఎంత దిగువన ఉన్నారన్నదీ, పేదల మధ్య ఉన్న అసమానతనూ కలుపుకుంది.

కాల్డార్ పక్కన పెట్టిన ప్రశ్నకు మన దేశంలో చట్టమే జవాబు చెప్పాల్సి వచ్చింది. 1894 నాటి భూసేకరణ చట్టం లెక్కలో భూమిపై ఏ హక్కూ లేని వ్యవసాయ కూలీకి చోటు లేదు. 2013 చట్టం, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ పనిచేస్తూ బతుకుతెరువు పోగొట్టుకునే కూలీలనూ కౌలుదారులనూ బాధిత కుటుంబాల్లో చేర్చింది. రెండేళ్లుగా పనిచేస్తున్నవాడు ఎందుకు కాడో చెప్పగల సమీకరణమేదీ లేదు. ఆ గీత గీసింది శాసనకర్తలు.