పాత ఎస్‌యూవీ: ఏడేళ్లు దాటాక ఎవరి బాధ్యత?

ఎస్‌యూవీల భద్రతా చరిత్రను 2000 ఆగస్టు మలుపు తిప్పింది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు బిగించిన ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర పరుగులోనే ఊడిపోయి, బండ్లు పల్టీ కొట్టేవి. ఫైర్‌స్టోన్ సుమారు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ఈ టైర్లతో ముడిపడిన మరణాలు 271 అని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ లెక్కగట్టింది. టెక్సస్, ఫ్లోరిడా, అరిజోనా వంటి ఎండ రాష్ట్రాల్లోనే ప్రమాదాలు ఎక్కువ. గాలి తక్కువైన టైరు వేడెక్కి విడిపోతే, ఎత్తైన బండి అదుపు తప్పడం తేలిక.

ఆ తర్వాతది తకాటా ఎయిర్‌బ్యాగుల ఉదంతం. బ్యాగును ఉబ్బించే అమోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికి, తేమకు చెడిపోయేది. ప్రమాద సమయంలో దాన్ని ఉంచిన లోహపు డబ్బా (ఇన్‌ఫ్లేటర్) పగిలి, ముక్కలు ప్రయాణికుల మీదికి దూసుకొచ్చేవి. ప్రపంచమంతటా దాదాపు 10 కోట్ల ఇన్‌ఫ్లేటర్లు రీకాల్ అయ్యాయి. 2017లో తకాటా దివాలా తీసింది.

భారతదేశంలో 2012లో తయారీదారులు స్వచ్ఛంద రీకాల్ నియమావళి పెట్టుకున్నారు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రభుత్వానికి రీకాల్ ఆదేశించే అధికారం ఇచ్చింది. 2021 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనలు మాత్రం ఏడేళ్ల లోపు బండ్లకే వర్తిస్తాయి. సొంత బండి రిజిస్ట్రేషన్‌కేమో 15 ఏళ్ల గడువు ఉంది. ఆలోగా ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి కాదు. అంటే సుమారు ఎనిమిదేళ్లు బండి బాగోగులు యజమాని మీదే పడతాయి.

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో వర్ధా నది దగ్గరి బొగ్గు ఊరు ఘుగ్గుస్‌లో ఈ ఖాళీ మరింత ప్రమాదకరం. తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన ఈ ప్రాంతంలో వేసవిలో 45 డిగ్రీలు దాటడం మామూలే. ఆ ఎండకు కూలెంట్ గొట్టాలు పెళుసెక్కుతాయి. బొగ్గు దుమ్ము రేడియేటర్ రెక్కల మధ్య పేరుకుంటే ఇంజిన్ వేడి బయటికి పోదు. ఎయిర్ సస్పెన్షన్ రబ్బరు పగిలితే, రాత్రి నిలిపిన బండి తెల్లారేసరికి ఒక పక్కకు కుంగి కనిపిస్తుంది. గాలి నింపడానికి ఆగకుండా తిరిగి కంప్రెసర్ కాలిపోతుంది. తేమ పీల్చిన బ్రేక్ ఆయిల్ తొందరగా మరుగుతుంది, అవసరమైనప్పుడు పెడల్ మెత్తబడిపోతుంది.

పాత ఎస్‌యూవీ కొనేవారు ముందు టైరు పక్కగోడ చూడాలి. చివరి నాలుగు అంకెలు 2316 అయితే, అది 2016లో 23వ వారం తయారైనది. ఛాసిస్ నంబరుతో పెండింగ్ రీకాల్ ఉందేమో కంపెనీలో అడగాలి. తక్కువ ధరకు దొరికిన పెద్ద బండికి బ్రేకులు, టైర్లు, ఎయిర్‌బ్యాగుల ఖర్చు కూడా కలిపితేనే అసలు ధర తేలుతుంది. ఆ ఖర్చు భరించలేనివారు ఆ బండి కొనకపోవడమే మేలు.