మొదటి నల్లమందు యుద్ధం - కంపెనీ గుత్తాధిపత్యం

ఉపోద్ఘాతం

1839-42 మధ్య బ్రిటన్, చైనాల నడుమ జరిగిన పోరాటం మొదటి నల్లమందు యుద్ధంగా ప్రసిద్ధం. స్వేచ్ఛా వాణిజ్యం కోసం, జాతి గౌరవం కోసం చేసిన యుద్ధమని నాటి బ్రిటిష్ పాలకవర్గం దీనిని సమర్థించుకుంది. అయితే ఆ యుద్ధం కాపాడినది ఈస్టిండియా కంపెనీ భారతదేశంలో నెలకొల్పిన ఒక గుత్తాధిపత్యాన్ని.

గుత్తాధిపత్య స్వరూపం

చైనా తేయాకుకు బ్రిటన్ వెండి చెల్లించవలసి వచ్చేది. ఆ లోటును పూడ్చినది నల్లమందు. 1773లో వారెన్ హేస్టింగ్స్ బెంగాల్ నల్లమందును కంపెనీ గుత్తాధిపత్యం కిందికి తెచ్చాడు. బీహారు, కాశీ ప్రాంతాల రైతులు కంపెనీ వద్ద బయానా తీసుకొని గసగసాల పంట వేసి, అది నిర్ణయించిన ధరకే సరకు అప్పగించాలి. పాట్నా, ఘాజీపూర్ కర్మాగారాలలో తయారైన సరకును కలకత్తాలో వేలం వేసేవారు. అక్కడినుంచి చైనాకు చేరవేసినది ప్రైవేటు వర్తకులు. ఈ ఏర్పాటువల్ల చైనా నిషేధాన్ని ఉల్లంఘించిన నింద కంపెనీ నౌకలపై పడలేదు. లాభం మాత్రం వేలంలోనే దక్కింది. 1800 ప్రాంతంలో ఏటా సుమారు 4,000 పెట్టెలున్న దిగుమతి, మాళ్వా సరకుతో కలిపి 1830ల చివరికి 30,000 దాటింది.

నిషేధం - యుద్ధం

1839 మార్చిలో కాంటన్ చేరిన రాజప్రతినిధి లిన్ జెషూ 20,000కు పైగా పెట్టెలు స్వాధీనం చేసుకొని, జూన్‌లో హుమెన్ వద్ద నాశనం చేయించాడు. ఆ సరకును బ్రిటిష్ అధికారి చార్లెస్ ఇలియట్ తమ ప్రభుత్వం పేరున వర్తకులనుంచి తీసుకొని అప్పగించాడు. దానితో వర్తకుల నష్టం ప్రభుత్వ బాధ్యత అయింది. 1840 ఏప్రిల్‌లో పార్లమెంటులో ప్రతిపక్ష తీర్మానం 9 ఓట్ల తేడాతో వీగిపోయింది. భారతీయ సిపాయిలూ ఈ యుద్ధంలో పోరాడారు. 1841లో కాంటన్ సమీపాన సాన్‌యువాన్‌లీ వద్ద గ్రామస్థులు చుట్టుముట్టినది మద్రాసు సైన్యపు 37వ పటాలానికి చెందిన దళాన్నే.

ముగింపు

1842 ఆగస్టు 29న కుదిరిన నాన్‌కింగ్ సంధి బ్రిటన్‌కు హాంకాంగ్‌ను ఇచ్చింది, ఐదు రేవులను తెరిచింది. చైనా చెల్లించవలసిన 2 కోట్ల 10 లక్షల డాలర్లలో 60 లక్షలు అప్పగించిన నల్లమందు వెల. సంధిలో నల్లమందు ప్రస్తావన ఈ పరిహారానికే పరిమితం. దాని వర్తకాన్ని చట్టబద్ధం చేసే నిబంధన ఏదీ లేదు. 1858లో సుంకం విధించి అనుమతించేవరకు అది దొంగవ్యాపారంగానే సాగింది. చైనా రేవులలో వర్తకులు పొందిన స్వేచ్ఛలో ఏ పాలూ గసగసాలు పండించిన రైతుకు అందలేదు. అతని సరకుకు ధర కట్టినది అప్పటికీ కంపెనీయే.