పదో తరగతి ఫలితం, ఆరో తరగతి చదువు

పదో తరగతిలో ఇరవై మందే ఉన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో ముగ్గురు తప్పితే ఉత్తీర్ణత 85 శాతానికి పడిపోతుంది. రెండు వందల మంది పరీక్ష రాసే పట్టణ బడిలో అదే ముగ్గురు తప్పితే ఫలితం 98.5. అయినా రెండు బళ్లనూ ఒకే పట్టికలో పేర్చి చూడటం మనకు అలవాటు. అమెరికాలో నార్త్ కరోలినా బళ్ల మార్కులను పరిశీలించిన థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ 2002లో ఈ చిక్కునే బయటపెట్టారు. చిన్న బళ్లు ఒక ఏడాది పైన, మరో ఏడాది అడుగున తేలడానికి చాలావరకు కారణం బోధనలో మార్పు కాదు, పిల్లల సంఖ్య తక్కువగా ఉండటం. చిన్న బడి సంగతి తెలియాలంటే తప్పిన ఆ ముగ్గురి నోటుపుస్తకాలు తెరవాలి.

612ను 6తో భాగించమంటే 12 అని రాసే పిల్లలు హైస్కూల్లో కూడా ఉంటారు. 1లో 6 పోదు కాబట్టి పదుల స్థానంలో సున్నా పెట్టాలన్న సంగతి ప్రాథమిక బడిలో పట్టుబడలేదు. ఆ లోటు వర్గ సమీకరణాల దాకా వెంట వస్తుంది. ప్రథమ్ సంస్థ 2023లో గ్రామాల్లోని 14–18 ఏళ్లవారిని పరీక్షించినప్పుడు, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగింది 43.3 శాతమే. నలుగురిలో ఒకరు సొంత భాషలో రెండో తరగతి పాఠాన్నే తడబడకుండా చదవలేకపోయారు.

సాయం మాత్రం పదో తరగతికి వచ్చాకే మొదలవుతుంది. స్పెషల్ క్లాసులు, స్లిప్ టెస్టులు, స్టడీ అవర్లు, వెనకబడినవారిని టీచర్లు తలా కొందరిని దత్తత తీసుకోవడం. ఇందులో టీచర్లు పడే శ్రమ చిన్నది కాదు. కానీ 35 మార్కులతో గట్టెక్కించాల్సిన, పరీక్షల ముందటి మూడు నెలల్లో భాగహారం మొదటినుంచి నేర్పే తీరిక ఎవరికుంటుంది? వచ్చే ప్రశ్నలు బట్టీ పట్టించడమే మిగులుతుంది.

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఈ సాయానికీ నోచుకోని పిల్లలున్నారు. అక్కడి కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోతాయి. కోతల కాలం పరీక్షల కాలం మీద పడుతుంది. పిల్లల్ని ఊళ్లోనే ఉంచి చదివించడానికి సీజనల్ హాస్టళ్లు పెట్టడం మంచి ఏర్పాటు. అయితే వలస బండి ఊరు దాటాక తలుపులు తెరిస్తే చేరడానికి పిల్లలుండరు.

కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ 2015లో ఢిల్లీలో 619 మంది పిల్లలతో చేసిన అధ్యయనం, పదో తరగతికి ముందే సాయం ఎలా అందించాలో ఆలోచించడానికి పనికొస్తుంది. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. లాటరీలో అవకాశం దక్కినవారికి బడి అయ్యాక రోజూ గంటన్నర పాఠం చెప్పారు: సగం సమయం కంప్యూటర్ మీద, ఎవరు ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుంచే; మిగతా సగం చిన్న బృందాల్లో. నాలుగున్నర నెలల్లో వారి లెక్కల మార్కులు, అవకాశం రానివారితో పోలిస్తే 0.37 ప్రామాణిక విచలనం మేర పెరిగాయి. బాగా వెనకబడినవారు కూడా మిగతావారితో సమానంగా లాభపడ్డారు.

ఢిల్లీ వసతులు పల్లెలో లేకపోవచ్చు, పద్ధతికి మాత్రం అడ్డేమీ లేదు. ఆరు, ఏడు తరగతులు కలిపినా నలభై మందికి మించని బడిలో, రోజుకొక పీరియడ్ తరగతి గీత చెరిపేసి, వచ్చిన లెక్కను బట్టి పిల్లల్ని కూర్చోబెట్టవచ్చు. ఆ పీరియడ్ టైంటేబుల్లోనే ఉండాలి. సాయంత్రానికి తోస్తే, పొరుగూళ్ల ఆడపిల్లలకు ఒక్కసారి చివరి బస్సు తప్పినా మర్నాటి నుంచి ఇంట్లోవాళ్లు ఆ క్లాసుకు ఉండనివ్వరు.