22½ ఏళ్ళ లెక్క

2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో డెరెక్ షావిన్ అనే తెల్లజాతి పోలీసు అధికారి, జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి మెడ మీద 9 నిమిషాలకు పైగా మోకాలు మోపి ఉంచాడు. ఫ్లాయిడ్ ప్రాణం పోయింది. 2021 ఏప్రిల్ 20న జ్యూరీ షావిన్‌ది హత్యానేరమే అని తేల్చింది. శిక్ష మాత్రం జూన్ 25న చెప్పారు. ఆ రెండు నెలలూ అందరిదీ ఒకటే ప్రశ్న: ఎన్నేళ్ళు వేస్తారు?

దీనికి జోస్యం అక్కర్లేదు, చాలావరకు లెక్కే. రుజువైన 3 నేరాల్లో పెద్దది రెండో డిగ్రీ హత్య. చంపాలనే ఉద్దేశం లేకపోయినా, దాడి చేస్తుండగా మనిషి చనిపోతే అది కూడా ఇందులోకే వస్తుంది. చట్టం ప్రకారం 40 ఏళ్ళ దాకా వేయొచ్చు. కానీ మినెసోటా రాష్ట్రంలో జడ్జీలకు ఒక పట్టిక ఉంది. ఒకవైపు నేరం తీవ్రత, ఇంకోవైపు పాత నేరాల లెక్క. పాత నేరాలు లేనివాడికి ఆ గడిలో ఉన్నది 12½ ఏళ్ళు. బాగా పెంచాలంటే జడ్జి గట్టి కారణం రాయాలి. ప్రాసిక్యూషన్ 30 ఏళ్ళు అడిగింది. షావిన్ లాయరు ప్రొబేషన్ చాలన్నాడు.

జడ్జి పీటర్ కేహిల్ 12½కి ఇంకో 10 కలిపాడు. ఆయన చూపిన కారణాలు రెండు. ఒకటి, పోలీసుగా తన మీద ఉన్న నమ్మకాన్ని, అధికారాన్ని షావిన్ దుర్వినియోగం చేశాడు. రెండు, ఊపిరాడటం లేదని వేడుకుంటున్నా క్రూరంగా ప్రవర్తించాడు. యూనిఫాం ఉంటే శిక్ష తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ ఆ యూనిఫామే శిక్ష పెంచింది. ఇది నాకు సరైన న్యాయం అనిపించింది.

ఒక్క విషయం మాత్రం నేను ఒప్పుకోలేను. అక్కడ నలుగురు అమ్మాయిలు నిలబడి ఇదంతా చూశారు. ముగ్గురికి 17 ఏళ్ళు, ఒక పాపకు 9. పిల్లల ఎదుట నేరం జరిగిందని జడ్జి ముందే ఒప్పుకున్నాడు. కానీ శిక్ష రాసేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. వాళ్ళు బెదిరిపోయిన ఆనవాళ్ళు కనిపించలేదన్నాడు. ఏడవకపోతే గాయం లేనట్టేనా? బాధేసిందని, కోపం వచ్చిందని ఆ చిన్నపాప కోర్టుకొచ్చి మరీ చెప్పింది కదా!

ఫ్లాయిడ్ చనిపోయినప్పుడు పోలీసుల మొదటి ప్రకటనలో మోకాలి ఊసే లేదు, ఆరోగ్య సమస్య అన్నట్టు రాశారు. నిజాన్ని లోకానికి చూపించింది ఆ 17 ఏళ్ళ అమ్మాయిల్లో ఒకరు ఫోన్‌లో తీసిన వీడియో. ఆ వీడియో లేకపోతే 12½ లేదు, 22½ కూడా లేదు. తీర్పు లెక్కలో పిల్లలకు చోటు దక్కలేదు. చరిత్ర పుస్తకంలో మాత్రం వాళ్ళ గురించి తప్పకుండా రాయాలి.