పోర్ట్‌బ్లెయిర్ శాకాహార భోజనశాలలు

పోర్ట్‌బ్లెయిర్ అండమాన్ నికోబార్ దీవుల రాజధాని. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం దాని పేరును శ్రీ విజయపురంగా మార్చింది, కానీ జనం నోట ఇంకా పాత పేరే ఎక్కువ. దేశంలో మిగతాచోట్ల కనిపించే లెక్క ఈ ఊరి శాకాహార హోటళ్ళ దగ్గర తలకిందులవుతుంది. కర్నూల్లో కూరాకు చవక, సముద్రపు చేప ఖరీదు. ఇక్కడ చేప వాకిట్లోకే వస్తుంది. ఉల్లిపాయ, బంగాళాదుంప, కందిపప్పు, మినప్పప్పు మాత్రం బంగాళాఖాతం దాటి రావాలి. చెన్నై, విశాఖపట్నం ఒక్కొక్కటి సుమారు 1,200 కిలోమీటర్లు, కోల్‌కతా అంతకన్నా కొంచెం ఎక్కువ. ఏ రేవు నుంచి బయలుదేరినా ఓడకి దాదాపు మూడు రోజులు పడుతుంది. అందువల్ల ఇక్కడ శాకాహార భోజనశాల చరిత్ర చాలావరకు ఓడల చరిత్రే.

ఖైదీల కూడు

తెలుగు నేలమీద డబ్బిచ్చి అన్నం తినడం పాత అలవాటు. ఓరుగల్లులో పూటకూళ్ళ ఇంటి భోజనం ఎలా ఉండేదో ‘క్రీడాభిరామం’ చెబుతుంది. ‘కన్యాశుల్కం’ నాటికి పూటకూళ్ళమ్మ ఊరందరికీ తెలిసిన మనిషి. అండమాన్‌కి అలాంటి గతం లేదు. ఆదిమ జాతులు వేట, చేపలు, తేనె, దుంపల మీద బతికాయి. బ్రిటిష్ వాళ్ళు 1789లో పెట్టిన మొదటి స్థావరం 1796లో మూతపడింది. 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో దిగి శిక్షా స్థావరాన్ని మొదలుపెట్టాడు. ఆ ఊళ్ళో మొదటి జనం ఖైదీలు, కాపలావాళ్ళు, అధికారులు. తిండి కొలిచి పెట్టేచోట హోటలుకి పనేముంది? అధికారులు రాస్ దీవిలో తమకోసం బేకరీ, క్లబ్బు పెట్టుకున్నారు. బేకరీ శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి.

1906కి పూర్తయిన సెల్యులార్ జైల్లో రోజూ పెట్టేది గంజి, అన్నం, రొట్టె, పప్పు, ఆకుకూర. అంటే శాకాహారమే, అయితే దాన్ని ఎవరూ కోరుకోలేదు. ఆకుకూర పేరుతో చేమాకులు, కాడలు ఉడికించి పోసేవారని అక్కడ శిక్ష అనుభవించినవాళ్ళు రాసుకున్నారు. 1933 మేలో రాజకీయ ఖైదీలు చేసిన నిరాహార దీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమదాస్, మోహిత్ మైత్ర మరణించారు. బలవంతంగా గొట్టంతో పోసిన పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళడమే మహావీర్ సింగ్ ప్రాణం తీసింది. ఆ తర్వాత జైల్లో తిండి కొంత బాగుపడింది.

జైలు బయట ఇంకో రకం జనం ఉండేవారు. సత్ప్రవర్తన చూపి, కొన్నేళ్ళ తర్వాత సొంతంగా బతకడానికి అనుమతి పొందిన ఖైదీలను ‘సెల్ఫ్ సపోర్టర్లు’ అనేవారు. పెళ్ళిళ్ళు చేసుకుని, పొలాలు దున్ని, కొట్లు పెట్టుకున్న ఈ కుటుంబాలే ‘లోకల్’ అనిపించుకునే సమాజానికి మూలం. అన్ని ప్రాంతాలవాళ్ళూ కలిసిపోవడంతో కులం, భాష, వంట మూడూ సడలాయి. హిందూస్తానీ అందరి మాటయింది. ప్రధాన భూభాగంలో శాకాహార హోటలుని నిలబెట్టింది చాలావరకు మడి, ఆచారం. బ్రాహ్మణ భోజన హోటల్ బోర్డులు మద్రాసు నుంచి బెజవాడ దాకా వెలిసిన రోజుల్లో పోర్ట్‌బ్లెయిర్‌లో అలాంటి బోర్డుకు గిరాకీ పుట్టేంత మడి మిగల్లేదనిపిస్తుంది.

1942 మార్చి 23 నుంచి 1945 అక్టోబరు దాకా దీవులు జపాన్ చేతిలో ఉన్నాయి. బియ్యం ఓడలు ఆగిపోయాయి. జనం కర్రపెండలం, చిలగడదుంపలతో కడుపు నింపుకున్నారు. ఓడ రాకపోతే ఈ ఊరు ఏం తింటుందో ఆ మూడున్నరేళ్ళలో తేలిపోయింది.

వలసలు, వంటశాలలు

స్వాతంత్ర్యం తర్వాత ఊరు వలసలతో నిండింది. 1949 నుంచి తూర్పు బెంగాల్ కాందిశీకులు వచ్చారు. తమిళులు, మలయాళీలు, తెలుగువాళ్ళు ఉద్యోగాలకీ, రేవు పనికీ, చేపల వేటకీ వచ్చారు. తెలుగువాళ్ళలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాలవాళ్ళు. జంగ్లీఘాట్ లాంటి పేటల్లో తెలుగు బాగా వినిపిస్తుంది. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభా 3.8 లక్షలు. అందులో మాతృభాషగా బెంగాలీ 28.49 శాతం, హిందీ 19.29, తమిళం 15.20, తెలుగు 13.24 శాతం.

ఈ అంకెలు చూసి శాకాహార హోటల్ తెలుగువాళ్ళ చలవ అనుకోకూడదు. 2014 నాటి నమూనా నమోదు సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పదిహేనేళ్ళు పైబడినవాళ్ళలో 98 శాతానికి పైగా మాంసాహారులే. అందులోనూ ఇక్కడికి వచ్చినవాళ్ళలో చాలామంది వలవేసే కుటుంబాలవాళ్ళు. అయినా మనవాళ్ళలో ‘వారపు శాకాహారులు’ అనే జాతి ఒకటుంది: శనివారం ముట్టరు, కార్తీకమాసమంతా ముట్టరు, అయ్యప్ప మాల వేస్తే నలభై ఒక్క రోజులు వాసన కూడా పడదు. చేపల పులుసు కాగిన గిన్నెలో సాంబారు కాచే హోటల్ ఆ రోజుల్లో వీళ్ళకి పనికిరాదు. విడి వంటశాల ఉన్న హోటలు కావాలి. పుట్టుకతో శాకాహారులైన కొద్దిమందితోపాటు ఈ దీక్షాకాలపు గిరాకీ కూడా అలాంటి హోటళ్ళకి ఆసరా.

హోటలు నమూనా మాత్రం ఉడిపిది, మద్రాసుది. 1920లలో మద్రాసులో కె. కృష్ణారావు నిలబెట్టిన ఉడిపి పద్ధతి — ఇడ్లీ, దోసె, సాంబారు, శుభ్రమైన బల్ల, తక్కువ ధర — చెన్నై ఓడతో ఇక్కడికీ చేరింది. అబర్డీన్ బజారులోని అన్నపూర్ణ దానికి బాగా తెలిసిన ఉదాహరణ. చూడటానికి కాలేజీ క్యాంటీన్‌లా ఉండే ఈ చోట పొద్దున దోసెలు, తర్వాత ఉత్తరాది కూరలు, రొట్టెలు దొరుకుతాయి. అదే బజారులో గడియార స్తంభం పరిసరాల్లోని గగన్ లాంటి చోట్ల పొద్దున దోసె, మధ్యాహ్నం చేపల కూర ఒకే కప్పు కింద వండుతారు. ఊరి అసలు రివాజు ఈ రెండోదే.

కూరగాయల లెక్క

దీవుల్లో ఎనభై శాతానికి పైగా అడవి. సాగుభూమి కొద్దిగానే ఉంది. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వాన పడుతుంది, దాదాపు ఎనిమిది నెలలపాటు. ఆ తడిలో టమాటా, క్యాబేజీ నిలవడం కష్టం. ఎండలు కాసే జనవరి–ఏప్రిల్ నెలలే కూరగాయలకి మంచి కాలం. బెంగాలీ కాందిశీకులు 1960లలో స్థిరపడ్డ నీల్ దీవి (2018 నుంచి షహీద్ ద్వీప్) అండమాన్‌కి కూరగాయల బుట్ట అని పేరు పొందింది. అక్కడి వంకాయలు, బెండకాయలు పడవెక్కి పోర్ట్‌బ్లెయిర్ బజారుకి వస్తాయి. 2004 డిసెంబరు 26 భూకంపంలో దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగిపోయింది. ఊరి పక్కన సిప్పీఘాట్ పొలాల్లోకి ఉప్పునీరు వచ్చి తిరిగి పోలేదు. పంట భూమి అలా తగ్గేకొద్దీ ఓడ మీద ఆధారం పెరిగింది.

తుఫాను వల్ల ఓడ ఆగితే మొదట పెరిగేది ఉల్లి ధర. అందుకే ఇక్కడ చేపల భోజనం కన్నా కూరగాయల భోజనం చవకగా ఉండాలని కొత్తగా వచ్చినవాళ్ళు ఆశించడం పొరపాటు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండాలని అడిగే జైన యాత్రికుల కోరిక ఇలాంటి రోజుల్లో వంటవాడికి కొంత కలిసొస్తుందేమో.

పర్యాటకం, వీగన్ వంట

శాకాహార హోటళ్ళకి అసలు గిరాకీ తెచ్చింది పర్యాటకం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు సొంతూరు వెళ్ళే ప్రయాణ రాయితీని అండమాన్ యాత్రకి మార్చుకోవచ్చని 2014లో వచ్చిన సడలింపుతో గుజరాత్, రాజస్థాన్, మహారాష్ట్రల కుటుంబాలూ తరలివచ్చాయి. ‘ప్యూర్ వెజ్’ అన్న బోర్డు పెట్టుబడి అయింది. 2023 జులైలో విమానాశ్రయానికి కొత్త టెర్మినల్ వచ్చింది.

పాలు, నెయ్యి కూడా వదిలేసే వీగన్ తిండి స్వరాజ్ ద్వీప్ (పాత హేవ్‌లాక్) కేఫేల్లోకి విదేశీ యాత్రికుల వెంట వచ్చింది. వీగన్ అన్న మాట 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ బృందం పుట్టించినది. మన దేశంలో వీగన్ ఆహారానికి విడి నిబంధనలు 2022లో వచ్చాయి. పోర్ట్‌బ్లెయిర్‌లో పూర్తి వీగన్ హోటల్ కోసం వెతకడం కన్నా మామూలు దక్షిణాది హోటల్లో నెయ్యి వద్దని చెప్పడం తేలిక. ఇడ్లీ, సాంబారు, కొబ్బరి పచ్చడి, కొబ్బరిపాల కూర ఎలాగూ సరిపోతాయి.

ఇక్కడే ఓడ లెక్క మళ్ళీ తిరగబడుతుంది. పాడి తక్కువ కాబట్టి పాలు చాలావరకు పొడిగా, డబ్బాల్లో సముద్రం దాటి వస్తాయి. కొబ్బరికాయ పెరట్లో రాలుతుంది. అంటే పనీర్ బటర్ మసాలా కన్నా కొబ్బరిపాల కూరే ఈ మట్టికి దగ్గర. టీ కొట్టు దగ్గర కూడా వీగన్ యాత్రికుడికి సంజాయిషీ అక్కర్లేదు. బెంగాలీల పుణ్యమా అని పాలు లేని టీకి ఇక్కడ ఎప్పట్నుంచో పేరుంది, లాల్ చాయ్ అని అడిగితే చాలు.