విమానాశ్రయాల్లో హరిత హైడ్రోజన్

సౌర, పవన, జల విద్యుత్తుతో నీటిని విడగొట్టి, విమానాశ్రయం ఆవరణలోనే హైడ్రోజన్ తయారుచేసి, అక్కడి వాహనాలకే ఇంధనంగా వాడుకునే పద్ధతి ఇది. మన దేశంలో దీనికి ముఖ్య ఉదాహరణ కేరళలోని కొచ్చి అంతర్జాతీయ విమానాశ్రయం.

కొచ్చికి ఈ ఆలోచన ఊరికే రాలేదు. 2015 ఆగస్టు 18న అది పూర్తిగా సౌర విద్యుత్తుతో నడిచే ప్రపంచపు తొలి విమానాశ్రయమైంది. కార్గో భవనం దగ్గర 45 ఎకరాల్లో 12 మెగావాట్ల ప్లాంటు పెట్టారు. ప్యానెళ్ల వరుసల మధ్య కూరగాయలు పండిస్తారు. ప్యానెళ్లు కడిగిన నీళ్లే ఆ మొక్కలకు పారతాయి. పగలు మిగిలిన కరెంటును రాష్ట్ర గ్రిడ్‌కు ఇచ్చి, రాత్రి అవసరానికి తిరిగి తీసుకుంటారు. 2021లో కోళికోడ్ జిల్లా అరిప్పారలో 4.5 మెగావాట్ల జల విద్యుత్ కేంద్రం కూడా తోడైంది. 2024 ఫిబ్రవరిలో భారత్ పెట్రోలియంతో ఒప్పందం కుదిరింది: స్థలం, నీరు, కరెంటు విమానాశ్రయానివి, 1,000 కిలోవాట్ల హైడ్రోజన్ ప్లాంటు, ఇంధనం నింపే స్టేషన్ భారత్ పెట్రోలియంవి. తొలి దశ ఉత్పత్తి విమానాశ్రయ వాహనాలకే.

ప్లాంటుకు గుండెకాయ ఎలక్ట్రోలైజర్. శుద్ధిచేసిన నీటిలోకి కరెంటు పంపితే ఒక పక్క హైడ్రోజన్, మరో పక్క ఆక్సిజన్ వస్తాయి. కిలో హైడ్రోజన్‌కు 9 లీటర్ల నీరు, 50 నుంచి 55 యూనిట్ల కరెంటు పడతాయి. అంటే 1,000 కిలోవాట్ల యంత్రం గంటకు 18 నుంచి 20 కిలోలు ఇస్తుంది. బస్సుల ట్యాంకుల్లోకి దాన్ని సాధారణంగా 350 బార్ పీడనంతో ఎక్కిస్తారు. బస్సులోని ఫ్యూయెల్ సెల్ ఆ వాయువును గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి కరెంటు పుట్టిస్తుంది. పొగగొట్టం నుంచి వచ్చేది నీటి ఆవిరే. నూరు కిలోమీటర్లకు బస్సు సుమారు 8 నుంచి 10 కిలోలు వాడుతుంది.

ఉన్నచోటే తయారీకి అసలు కారణం రవాణా. 40 టన్నుల ట్రక్కు సిలిండర్లలో 200 బార్ పీడనం దగ్గర మోసుకొచ్చే హైడ్రోజన్ 300, 400 కిలోలకు మించదు. మిగతా బరువు ట్రక్కు, ఉక్కు సిలిండర్లదే. ఆవరణలోనే తయారైతే ఈ ఖర్చు తప్పుతుంది. జర్మనీలోని మ్యూనిక్ విమానాశ్రయంలో 1999లోనే ఇలాంటి ప్రయోగం మొదలై, 2006 వరకు సాగింది.

అయితే అన్ని వాహనాలకూ హైడ్రోజన్ అక్కర్లేదు. కరెంటును హైడ్రోజన్‌గా మార్చి మళ్లీ కరెంటు చేస్తే చక్రానికి చేరేది సుమారు మూడో వంతే. బ్యాటరీలో అయితే సుమారు నాలుగింట మూడు వంతులు చేరుతుంది. లగేజీ లాగే చిన్న ట్రాక్టర్లకు బ్యాటరీయే మేలు. రేయింబవళ్లు తిరిగే బరువైన వాహనాలకు, నిమిషాల్లో ఇంధనం నింపుకోవాల్సినవాటికి హైడ్రోజన్ నప్పుతుంది.

భద్రత విషయంలో ఉదాసీనత పనికిరాదు. గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఎంత కలిసినా హైడ్రోజన్ అంటుకుంటుంది. వాసన ఉండదు, పగటివేళ మంట కంటికి సరిగా ఆనదు. తేలిక వాయువు కనుక పైకప్పు కింద చేరుతుంది. అందుకే సెన్సర్లను పైనే అమర్చి, గాలాడే షెడ్లలో యంత్రాలను పెడతారు.

విమానాల సంగతి వేరు. హైడ్రోజన్‌ను మైనస్ 253 డిగ్రీల దగ్గర ద్రవంగా మార్చినా, అంతే శక్తికి కిరోసిన్ ట్యాంకు కంటే నాలుగింతల పెద్ద ట్యాంకు కావాలి. 2035 నాటికి హైడ్రోజన్ విమానం తెస్తామన్న ఎయిర్‌బస్ సంస్థ 2025లో ఆ గడువును వెనక్కి జరిపింది.