సోలార్ పెట్టుబడి ఎన్నాళ్లకు తిరిగొస్తుంది?

ఆస్ట్రేలియాలో సొంతిల్లు కొనుక్కున్న మనవాళ్లు నలుగురు కలిస్తే, హోమ్ లోన్ వడ్డీ తర్వాత వచ్చే మాట కరెంటు బిల్లే. "సోలార్ పెట్టించారా? ఎంతయింది? డబ్బులు ఎన్నాళ్లకు తిరిగొస్తాయి?" 2024 చివరికి ఈ దేశంలో 40 లక్షలకు పైగా ఇళ్లు, చిన్న వ్యాపారాల పైకప్పుల మీద సోలార్ ప్యానెళ్లు వచ్చేశాయి. అయినా ఒకే సైజు సిస్టమ్ ఒకరికి నాలుగేళ్లలో, మరొకరికి ఏడేళ్లలో గిట్టుబాటు అవుతోంది. ఎందుకో చూద్దాం.

అప్పటి లెక్క వేరు

న్యూ సౌత్ వేల్స్‌లో 2010 జనవరిలో మొదలైన సోలార్ బోనస్ పథకంలో యూనిట్‌కు 60 సెంట్లు ఇచ్చారు. అదే ఏడాది అక్టోబరులో కొత్తవారికి 20 సెంట్లకు తగ్గించారు. 2016 డిసెంబరు 31తో పథకమే ముగిసింది. విక్టోరియాలో కనీస ఫీడ్ ఇన్ టారిఫ్ 2019-20లో 12 సెంట్లు, 2024-25కి 3.3 సెంట్లు. అంటే కరెంటు అమ్మి సంపాదించే రోజులు పోయాయి. ఇప్పుడు లాభమంతా మన కరెంటు మనమే వాడుకోవడంలో ఉంది.

ఒక ఉదాహరణ

సిడ్నీలో ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సగటున 3.9 యూనిట్లు ఇస్తాయి. ఆ లెక్కన 6.6 కిలోవాట్ల సిస్టమ్ ఏడాదికి సుమారు 9,400 యూనిట్లు ఇస్తుంది. అంచనా కోసం ఖర్చు 6,600 డాలర్లు, కొనే ధర 30 సెంట్లు, అమ్మే ధర 5 సెంట్లు అనుకుందాం.

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లి, 20 శాతమే ఇంట్లో వాడుకుంటే: ఏటా ఆదా 940 డాలర్లు, పెట్టుబడి తిరిగొచ్చేది ఏడేళ్లకు.

సగం ఇంట్లోనే వాడుకుంటే: ఏటా ఆదా 1,645 డాలర్లు, తిరిగొచ్చేది నాలుగేళ్లకు.

అదే 6,600 డాలర్లు 6 శాతం హోమ్ లోన్ ఆఫ్‌సెట్ ఖాతాలో ఉంచితే ఏటా మిగిలేది 396 డాలర్లు. అయితే ఆఫ్‌సెట్‌లో అసలు భద్రంగా ఉంటుంది. ప్యానెళ్లలో పెట్టిన డబ్బు ఏటా కొంచెం కొంచెంగా తిరిగి రావాలి. ఇన్వర్టర్‌ను మధ్యలో ఒకసారి మార్చాల్సి రావచ్చు, ఆ ఖర్చూ లెక్కలో వేసుకోవాలి. రోజువారీ సప్లై చార్జీ ఎలాగూ తప్పదు.

రాయితీ సంగతి

కేంద్ర ప్రభుత్వ రాయితీ ఎస్‌టీసీ సర్టిఫికెట్ల రూపంలో వస్తుంది. సాధారణంగా ఇన్‌స్టాలరే దాన్ని ధరలో తగ్గించి చెబుతారు. పైన చెప్పిన సిస్టమ్‌కు సిడ్నీలో 2025లో 54 సర్టిఫికెట్లు, 2026లో 45. ఇలా ఏటా తగ్గుతూ 2030తో పథకం ముగుస్తుంది.

బ్యాటరీ కొనాలా?

2025 జూలై 1న మొదలైన చీపర్ హోమ్ బ్యాటరీస్ పథకం ధరలో సుమారు 30 శాతం తగ్గించేలా వచ్చింది. ఈ రాయితీ కూడా 2030 వరకు క్రమంగా తగ్గుతుంది. రాయితీ పోను బ్యాటరీకి 7,300 డాలర్లయి, రోజుకు 8 యూనిట్లు సాయంత్రానికి దాచుకుంటే, పై రేట్ల ప్రకారం ఏటా 730 డాలర్లు మిగులుతుంది. అంటే పదేళ్లు. చాలా బ్యాటరీల వారంటీ కూడా పదేళ్లే! సాయంత్రం పీక్ రేటు 50 సెంట్లుంటే మాత్రం అయిదున్నర ఏళ్లు చాలు. కాబట్టి ముందు మీ టారిఫ్ చూసుకోండి.

సంతకం చేసేముందు

మీటర్ లెక్కలు తెప్పించుకుని పగటి వాడకం ఎంతో చూడండి. కనీసం ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకోండి. "బిల్లు సున్నా" అన్నవారిని ఎంత శాతం సొంత వాడకం అనుకుని లెక్క వేశారో అడగండి. ఇండియాలోలా కాదు, ఇక్కడ ఉత్తరం వైపు కప్పుకే ఎక్కువ ఎండ. సాయంత్రం వాడకం ఎక్కువైతే పడమర కూడా పనికొస్తుంది.

తర్వాత వేడినీళ్ల ట్యాంకు, వాషింగ్ మెషిన్, డిష్ వాషర్‌లను టైమర్‌తో మధ్యాహ్నానికి మార్చండి. ఇడ్లీ పిండి శని, ఆదివారాల్లో పగలే రుబ్బుకోండి. పైసా ఖర్చు లేకుండా పెట్టుబడి త్వరగా తిరిగొచ్చే మార్గమిదే. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. ఇక్కడ మన దీపం మధ్యాహ్నపు ఎండ!